మీ అమ్మానాన్నలకి తిప్పిన స్టీరింగ్ ఆయిలు

"అత్తా, కారు సర్వీసింగుకిచ్చాను. పవర్ స్టీరింగ్ ఆయిలు మార్చాలంటున్నారు. నవ్వుతావేంటి?"

నవ్వు రాదేంట్రా మరి. ఆ ఆయిలుతో మీ అమ్మానాన్నలకి దిష్టి తీసిన ఇల్లు ఇది. కూర్చో, చెప్తా.

మీ మావయ్య అప్పుడే సెకండ్ హ్యాండు కారు కొన్నారు. "స్టీరింగ్ ఒక్క వేలితో తిరుగుతుందండీ" అని పటమటలో కనబడ్డవాళ్లకల్లా చూపించడమే పని. మీ నాన్నేమో మైలవరం నుంచి ఫోన్లో, "ఒకళ్లు వాడి వదిలేసింది కొన్నారేంటి బావగారూ" అని దెప్పేవాడు. వాడి నోరు నీకు తెలుసుగా. అందుకని పెళ్లయ్యాక వాళ్లిద్దరూ మొదటిసారి జంటగా వస్తున్నారంటే, కార్లో కొండపల్లి తిప్పి వాడి నోరు మూయించాలని ఈయన పట్టుదల. సరిగ్గా అప్పుడే స్టీరింగ్ బిగుసుకుంది. తిప్పితే దూడలా మూలిగేది. పాపం, రెండు చేతులా లాగుతూ పైకి నవ్వేవారు.

వాళ్లొచ్చే రోజు పొద్దున్నే... కాదులే, టిఫిన్లయ్యాక, ముందు చక్రాలు జాకీల మీద లేపి, ట్యూబు ఊడదీసి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతూ పాత ఆయిలంతా బకెట్లోకి దింపారు. నల్లటి మడ్డి. కొత్తదేమో ఎర్రగా నిగనిగలాడుతోంది. డబ్బాతో పోస్తే ఒలుకుతుందని నా ఇత్తడి ముక్కుగిన్నెలో వంచి, అరుగు మీద పెట్టి, చేతులు కడుక్కోడానికి పెరట్లోకెళ్లారు.

అప్పుడే ఆటో దిగారు మీ వాళ్లు. మా అత్తగారికి చూపు ఆనదు కదా. పసుపూ సున్నం కలిపి నేను ఎర్రనీళ్లు సిద్ధం చేశాననుకుని, గిన్నెలోది పళ్లెంలో వంచి, జంటకి చక్కగా తిప్పి, గేటు ముందు పారబోసింది. నేను అసలు ఎర్రనీళ్లతో వంటింట్లోంచి వచ్చేసరికే అంతా అయిపోయింది. మీ మావయ్య వచ్చి ఆ మడుగు చూశారు. కొత్త జంట ముందు ఏమంటారు? తెచ్చిన కొత్త ఆయిలంతా అదే మరి.

మీ నాన్న ఊరుకుంటాడా, సరాసరి వెళ్లి కార్లో కూర్చున్నాడు. స్టీరింగ్ మీద వేలు పెట్టాడు. ఆయిలు లేని స్టీరింగ్, ఇంక పరువు పోయినట్టే అనుకున్నా. తీరా అది సుతారంగా తిరిగింది. చక్రాలు గాల్లో ఉన్నాయి కదరా, తిరక్కేం చేస్తుంది. జాకీలు చూశాడో లేదో, చూసినా వాడికేం తెలుసు, అప్పటికి స్కూటరు దాటలేదు. "నిజమేనండీ బావగారూ" అన్నాడు, చిన్నబోయి.

మీ అమ్మేమో, "అయితే కొండపల్లి వెళ్దామా అన్నయ్యగారూ" అంది.

"ఎర్రనీళ్లు తిప్పాక వెంటనే గడప దాటకూడదమ్మా" అన్నారు మీ మావయ్య. ఆ శాస్త్రం అప్పుడే పుట్టింది. మా అత్తగారు కూడా అవునంది.

మరుసటేడు మీ నాన్నా అలాంటి కారే కొన్నాడు. "బావగారూ, నాది మీదంత తేలిగ్గా తిరగట్లేదేంటి" అని ఫోను. "జాకీ ఎక్కించి చూడు" అని పెట్టేశారీయన. వాడికి ఇప్పటికీ అర్థం కాలేదు, నువ్వూ చెప్పకు.

ఆయిలు మార్పించుకో నాయనా. నువ్వూ చక్కని పిల్లని చేసుకుని జంటగా రా. ఎర్రనీళ్లు నేనే తిప్పుతా, ముందు వాసన చూసి మరీ.