ఇరవై ఒకటో సంతకం

యార్క్‌షైర్‌లో బొగ్గు గని మూతబడిన ఒక ఊరు. మార్చి నెల మధ్యాహ్నం, సన్నగా వాన. పాడుబడిన ‘పిట్ పోనీ’ పబ్బుకి సరిగ్గా ఎదురిల్లు బెరిల్‌ది. ఒకప్పుడు మొగుడు సిరిల్‌తో కలిసి ఆ పబ్బు నడిపిందీ ఆవిడే. ముప్పై నాలుగేళ్లుగా ఆవిడ గుమ్మం తొక్కని ట్రెవర్ ఇవాళ చేతిలో ఒక కాగితం పట్టుకుని తొక్కాడు.

“అది కాదు బెరిల్ గారూ, ఒక్క సంతకం. ఒకే ఒక్కటి. ఇరవై అయిపోయాయి.”

“కాళ్లు తుడుచుకున్నావా?”

“రెండుసార్లు తుడుచుకున్నాను.”

“మూడోసారి తుడుచుకో, కార్పెట్ కొత్తది. ఆ కుర్చీలో కాదు, అది పిల్లిది, ఊరుకోదు. ఇందులో కూర్చో. అయినా ఈ ‘గారూ’ ఏంటి కొత్తగా? నా వంటింట్లో గిన్నెలు నాకి పెరిగినవాడివి, నువ్వూ మా తమ్ముడు రాయ్ గాడూ.”

“అప్పుడు అక్కా అనేవాణ్ని. ఇప్పుడు అనొచ్చో లేదో తెలీక...”

“టీలో పంచదార రెండు చెంచాలు కదూ?”

“మానేశాను. షుగరు.”

“అందరికీ అదే రోగం. ఏదీ, ఆ కాగితం ఇలా పట్టు. కళ్లజోడు ఎక్కడ చచ్చిందో... ఆఁ, ఇదిగో. ఎవరయ్యా వీళ్లంతా? ఆలివర్ ఫెన్‌విక్ అంటే ఎవరు?”

“కొత్త ఇళ్లలో ఉంటాడు. సైకిలు మీద తిరుగుతుంటాడే, గడ్డం.”

“ఆ గడ్డం కుర్రాడా! వాడు మా పబ్బులో ఒక్క గుక్కైనా తాగిన పాపాన పోయాడా? మేం తలుపులు మూసే నాటికి వాడికి పాలపళ్లైనా ఊడి ఉండవు.”

“తాగకపోతేనేం, ఓటు ఈ ఊళ్లో ఉంది. కౌన్సిల్ వాళ్లకి అదే కావాలి. ఊళ్లో ఓటున్నవాళ్లు ఇరవై ఒక్కమంది సంతకాలు పెట్టి ఇస్తే పబ్బుని కూల్చడం ఆపి, మన మాట వింటారు. ఇరవై అంటే కుదరదట. అయిదింటికి ఆఫీసు మూసేస్తారు. ఇవాళే ఆఖరు.”

“ఇప్పుడెంతయింది?”

“మూడుంబావు.”

“ఈ ఇరవైలో పాతకాపులు ఎంతమంది?”

“నలుగురు.”

“మిగతా పాతవాళ్లో?”

“తలుపు తీయలేదు.”

“తీయలేదా, తీసి వేసేశారా?”

“కొందరు అలా, కొందరు ఇలా. డోరీన్ మాత్రం మాట్లాడింది.”

“ఏమని?”

“ఈ కాగితం కుక్క నోట కరుచుకుని తెచ్చినా పెడతానుగానీ, నువ్వు తెస్తే పెట్టనంది.”

“మరి ఇంకెవరితోనైనా పంపించకపోయావా?”

“పంపొచ్చు.”

“మరి?”

“నేనే తిరగాలనుకున్నాను.”

“మొండిఘటానివి. అచ్చం మీ నాన్నే. విను ట్రెవర్, దాన్ని కూలగొట్టనీ. వెనక కప్పంతా పోయింది. బోర్డు మీద గుర్రం బొమ్మ ఒక్క మేకు మీద వేలాడుతూ గాలేసినప్పుడల్లా కీచుమంటుంది, నిద్ర ఉండదు నాకు. అక్కడ పదహారు ఇళ్లు కడతారట, లిఫ్టుతో సహా. మా సిరిల్ తమ్ముడి మనవరాలు కేలీ ఇద్దరు పిల్లల్నేసుకుని చెమ్మ గోడల గదిలో ఉంటోంది. చిన్నదానికి తెల్లార్లూ దగ్గే. దానికో ఇల్లు రావద్దా? ఇంతకీ నువ్వు కాపాడేది ఏంటి, పావురాల రెట్టా?”

“పిల్లల దగ్గు సంగతి నాకు చెప్పక్కర్లేదు బెరిల్.”

“నేనేదో...”

“చెప్పక్కర్లేదు. ఇళ్లు కట్టనీ, నేనొద్దన్నానా? గని వాకిలి దగ్గర అంత ఖాళీ స్థలం ఉంది, అక్కడ కట్టమను. పబ్బు ముందు గది ఇంకా బాగానే ఉందట. చుక్క నీరు పడలేదట. ఆ గడ్డం కుర్రాడు కిటికీ చెక్కల సందులోంచి టార్చి వేసి చూశాడు. బల్లలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పైన కొక్కేలకి మగ్గులు కూడా అలాగే వేలాడుతున్నాయంట.”

“మగ్గులు చూశాడా? పేర్లు... పేర్లేమైనా చదివాడా?”

“అంత దూరం నుంచి ఏం కనపడతాయి? ఎందుకూ?”

“ఎందుకేముంది, ఊరికే. బిస్కెట్ తీసుకో. ఆఖరి రోజున ఎవరి మగ్గు వాళ్లని పట్టుకుపొమ్మన్నాడు సిరిల్. ఒక్కడు చెయ్యి వెయ్యలేదు. తీస్తే నిజంగానే మూసేసినట్టవుతుందని. అలాగే వదిలేసి, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోకుండా వెళ్లిపోయారు.”

“నాది ఉండదులే. నాది అంతకుముందెప్పుడో తీసేశారు కదా. గని సంఘం కమిటీ ఏడుగురూ వరసగా నిలబడ్డారు. సిరిల్ స్టూలెక్కి తీసి, కౌంటర్ కింద పడేశాడు. మా నాన్న మగ్గు అది. పైన ఆయన పేరు, కింద నా పేరు. ‘బతికున్నంతకాలం ఈ గుమ్మంలో నీకు చోటు లేదు ట్రెవర్’ అన్నాడు.”

“ఆ మాటన్నాక సిరిల్ భోంచెయ్యలేదు.”

“అనాల్సిందే, అన్నాడు. తప్పు నాదే. ఊరంతా సమ్మెలో ఉంటే నేను గనిలోకి దిగాను. పదకొండు నెలలు కడుపు కట్టుకుని, చివరి అయిదు వారాలు ఆగలేకపోయాను.”

“ట్రేసీకి అప్పుడు ఒంట్లో బాగుండేది కాదు కదా.”

“మూడేళ్ల పిల్ల, ఊపిరందేది కాదు. గది వెచ్చగా ఉంచమన్నాడు డాక్టరు. దేంతో ఉంచను? కుర్చీలన్నీ అప్పటికే కాల్చేశాం. పనిలోకి వచ్చినవాళ్లకి బొగ్గు ఇస్తామన్నారు, వెళ్లాను. మర్నాటికి తలుపు మీద తెల్లరంగుతో ‘ద్రోహి’ అని రాసిపోయారు. మూడుసార్లు రంగేశాను. ఎండ పడితే ఇప్పటికీ అక్షరాలు తేలతాయి.”

“తేలతాయి. చూశాను.”

“నువ్వు మా వీధికెప్పుడొచ్చావు?”

“ఎప్పుడో. అది సరే, నిన్ను వెలేసిన పబ్బుని నువ్వు కాపాడటమేంటి? కూలుస్తుంటే కుర్చీ వేసుకుని చూడాల్సినవాడివి.”

“పాత కట్టడం, ఊరి చరిత్ర కదా అని...”

“చరిత్రా! చరిత్ర క్లాసు ఎగ్గొట్టి చేపలు పట్టడానికి పోయిన వెధవలు మీరిద్దరూ.”

“ముసలాళ్లు నలుగురు కూర్చునే చోటైనా...”

“లైబ్రరీలో కూర్చోండి. హీటర్ ఉంది, ఊరికే వస్తుంది. నాకు కథలు చెప్పకు ట్రెవర్. ఎందుకు?”

“ఏం చెప్పను?”

“ఎందుకో చెప్పు.”

“మా ఆవిడ మేవిస్ పోయినప్పుడు అరవై మందికి హ్యామ్ శాండ్‌విచ్‌లు చేశాను. ఎవరు పోయినా పాతిపెట్టి వచ్చి పిట్ పోనీలోనే కదా కూర్చుంటారు. మాకు ఆ రాత లేదు కనక ఇంట్లోనే ఏర్పాటు చేశాను. ఏడుగురు వచ్చారు. అందులో ఒకడు మీటరు చూడ్డానికి వచ్చినవాడు, మొహమాటానికి ఆగాడు. వారం రోజులు నేనూ ట్రేసీ అవే తిన్నాం.”

“శవపేటిక బండి ఈ కిటికీలోంచే చూశాను.”

“తెర కదిలింది, నేనూ చూశాను. ఆ రోజు అనుకున్నాను. నన్ను వెలేసింది ఆ గది. మళ్లీ రమ్మనాల్సిందీ ఆ గదే. ఏదో ఒకనాడు ఎవరో ఒకరు తలుపు తీసి ‘రారా ట్రెవర్, చలిలో ఏంటి అక్కడ’ అంటారని. మూతబడ్డాక కూడా అనుకుంటూనే ఉన్నాను, పిచ్చి. అది కూలితే ఇక పిలిచేవాళ్లుండరు. వెలిలోనే పోతాను. ఇదీ నా చరిత్ర.”

“కాగితం ఇటివ్వు.”

“పెడతావా?”

“ఇటివ్వమన్నాను. లేదు... ఆగు. పెట్టే ముందు ఒకటి విను. ఆ తలుపు తీస్తే ఎలాగూ నీ కంటపడుతుంది. అంతకంటే నా నోటితో వినడం మేలు.”

“ఏంటది?”

“నీ మగ్గు కొక్కేనికే ఉంది.”

“నాదా? కాదు. తీసేశారంటున్నానుగా.”

“మళ్లీ పెట్టారు. తొంభై ఒకటి నవంబరులో. కమిటీ కూర్చుని ఓట్లేసింది. అయిదుగురు ఔనన్నారు, ఇద్దరు కాదన్నారు. సిరిల్ దాన్ని తళతళలాడేలా తోమి, స్టూలెక్కి, మీ నాన్న కొక్కేనికే తగిలించాడు.”

“తొంభై ఒకటి... నాతో ఎవరూ... నాకు ఎవరూ చెప్పలేదే!”

“చెప్పి రమ్మని నన్నే పంపారు. రాయ్ అక్కవి, నువ్వు పిలిస్తే ఊరంతా పిలిచినట్టన్నారు. మీ గేటు దాకా వచ్చాను. తలుపు మీద ఆ అక్షరాలు చూశాను. కిటికీలోంచి నువ్వు కనపడ్డావు. పొయ్యిలో కణకణలాడే మంట, పక్కన ట్రేసీ పుస్తకం చదువుకుంటోంది. మీ పొగగొట్టంలోంచి పొగ. వెనక్కి తిరిగాను.”

“తిరిగి?”

“‘పిలిచాను, నా మొహం మీదే తలుపేశాడు’ అన్నాను వాళ్లతో.”

“అందుకా... అందుకా డోరీన్ అలా... అంటే మేవిస్ పోయినప్పుడు...”

“పిలిచినా రాలేదు, ఒళ్లంతా పొగరు అనుకున్నారు. అవును.”

“ఇరవై ఏడేళ్లు బెరిల్! రొట్టె కొనుక్కోవాలన్నా ఆ గుమ్మం ముందునుంచి నడవలేక రైలు కట్ట చుట్టూ తిరిగి వెళ్లాను. ఇరవై ఏడేళ్లు. లోపల నా మగ్గు వేలాడుతోందా?”

“తిట్టు. తిట్టి పో.”

“మేవిస్‌కి తెలిసుంటే బాగుండేది. దానికొక్కదానికి తెలిసుంటే చాలు.”

“ఎందుకలా చేశావని అడగవేం?”

“తెలుసు కదా. రాయ్.”

“నీకు తెలీదు. సమ్మెలో వాడు పోయిన ఆ సోమవారం పబ్బులో పొయ్యి చల్లగా పడుంది. సాయంత్రం కమిటీ వాళ్లొస్తారు. రాయ్ చేతికి పార నేనే ఇచ్చాను. గని పాత మట్టిగుట్ట కింద తవ్వితే అరబస్తా బొగ్గు దొరుకుతుంది, పోయి తేరా అన్నాను. చలిగా ఉందే అక్కా, రేపు పోతానే అన్నాడు. తరిమాను. మట్టి విరిగి మీద పడింది. మధ్యాహ్నానికి వాణ్ని ఒక చెక్క మీద మోసుకొచ్చారు. మీ ఇంటి పొగ మీద కోపం పెట్టుకుంటే నా చేతిలో పార గుర్తొచ్చేది కాదు. అందుకని పెట్టుకున్నాను.”

“ఎవరో ఒకరి మీద పెట్టుకోకపోతే బతకలేం అక్కా. నీ చోట నేనున్నా అంతే. సరే, సంతకం నీ ఇష్టం. నేనూ ఒకటి దాచాను, అది చెప్పేసి లేస్తాను.”

“ఏంటి?”

“ఆ రోజే, ఇంకా తెల్లారకముందు, మీ పబ్బు వెనక తలుపు దగ్గర ఒక బొగ్గు బస్తా పెట్టి వెళ్లాను. నాకిచ్చిన మొదటి రెండు బస్తాల్లో ఒకటి.”

“టీ చల్లారిపోయింది. మళ్లీ పెడతానుండు.”

“కూర్చో అక్కా, అయిపోయింది. సాయంత్రం పని నుంచి దిగేసరికి రాయ్ లేడన్నారు. ఎదురుగా రాలేక వెనక సందులోంచి వచ్చాను. సందు పక్క వాగులో నా బొగ్గంతా చెల్లాచెదురుగా పడుంది. ఖాళీ గోనె కంచె మీద ఉంది. చూడగానే అర్థమైంది, ఇది వాడి పనే అని. చలికి చావనైనా చస్తాడుగానీ నా బొగ్గు ముట్టడు. అక్కడే నిలబడి ఏడ్చాను.”

“ట్రెవర్, చాలు.”

“కోపంతో కాదక్కా. నేను వంగిపోయాను, నా స్నేహితుడు వంగలేదు అని. నా బస్తా తన్నేసి, పార భుజాన వేసుకుని వెళ్లాడు చూడు. ఇన్నేళ్లూ ఎవరు మొహం తిప్పుకున్నా, లోపల ఆ ఒక్కటి తలుచుకునేవాణ్ని. నాకు మిగిలిన గర్వం అదొక్కటే.”

“పెన్ను ఇటివ్వు.”

“ఏడుస్తున్నావా?”

“ఇవ్వమన్నానా! ఎక్కడ పెట్టాలి?”

“ఇదిగో, ఇరవై ఒకటి పక్కన.”

“బెరిల్... హాబ్సన్. చదవొచ్చులే. తీసుకో. నాలుగు కావస్తోంది, నాలుగింటి బస్సు పట్టుకో.”

“ఎంత మేలు చేశావో నీకు తెలీదక్కా. తలుపు తీసిన రోజు నా మగ్గులో మొదటిది నీ చేత్తోనే పొయ్యాలి.”

“నా చేత్తో వద్దు.”

“అదేంటి, నువ్వు కాకపోతే ఇంకెవరు?”

“ఆ వెనక తలుపు పొద్దున్నే తీసేది నేను. రోజూ నేనే.”

“అయితే?”

“ఆ బస్తా రాయ్ కంటపడనే లేదు, ట్రెవర్.”