గడ్డ ఉన్న మూడేండ్లు

ముందు మాదిరే ఉండాడా అని అడగతాండావు పాపా, ఏ ముందు చెప్పాల్నో నువ్వే చెప్పు. నాకు రెండు ముందులు ఉండాయి. నీ కాగితంలో చూస్తే ఒకటే గడి.

కోపం కాదులే. తెల్లారుజామునే కడపలో బస్సెక్కి ఈ కర్నూలు పెద్దాసుపత్రికొచ్చినాము, అంతే. ఆయన్ను కన్ను పరీక్షకు లోపలికి పిలుసుకోని పోయినారు. ఆయన లేనప్పుడే అడుగు, చెప్తా. అంజలి అన్నావు గదా నీ పేరు? రాసుకో అంజలమ్మా. మునీంద్ర, నలభై ఎనిమిదేండ్లు, మాధవరంలో మగ్గం పని. నేను ఆయన భార్య తిమ్మమ్మ. తలలో గడ్డకు ఆపరేషనై ఏడాది. ఇదంతా నీకాడ ఉండేదే.

లేనిది చెప్తా విను.

పెండ్లయిన కాడ్నుంచి ఇరవై ఏండ్లు ఆయన నోట్లోంచి ఒక మంచిమాట రాలింది లేదు. పోగు తెగితే నాది తప్పు. కండె చిక్కుపడితే నాది తప్పు. ఒకసారి మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడె తీసి నా మీదికి ఇసిరినాడు. ఇదిగో, కనుబొమ్మ కాడ ఈ గీత. వేంపల్లెలో మా అమ్మగారింటికి పదకొండేండ్లు పోనిచ్చింది లేదు. తాగుతాడా అంటే అదీ లేదు. తాగని మొగుడు దొరికినాడు గదా, ఎవరికి చెప్పుకున్నా అదృష్టవంతురాలివే అంటాండిరి.

అట్లాంటి మనిషి ఒగనాడు మగ్గంలో కూచోని నవ్వినాడు.

పొయ్యి మీద పప్పు మాడి ఇల్లంతా పొగ. నేను వాకిట్లో ఉండా. వణుక్కుంటా లోపలికొస్తే ఆయనకు వాసనే తెలీలేదు. "మాడిందా? పోనీలే తిమ్మా, మజ్జిగ పొయ్యి" అన్నాడు. తిమ్మా అన్నాడు పాపా. అంతవరకు నా పేరు ఏయ్.

ఇంగ ఆన్నుంచి చూడాల. చీర అంచు తప్పు నేసినాడు, షావుకారు తిడితే నవ్వినాడు. మా కూతురు శశికళకు జడేసినాడు. వంకర జడ. అది అట్లనే కాలేజీకి పోయింది. మా చెల్లెలు పెండ్లికి తానే వేంపల్లెకు పిలుసుకోని పోయి, మా అమ్మ పక్కన కూచోని మూడుసార్లు పాయసం పోయించుకున్నాడు. అల్లునికి ఎవరన్నా మందు పెట్టినారా అని మా అమ్మ నా చెవిలో అడిగింది.

దేవుడు సల్లగా చూసినాడనుకున్నా. అహోబిలం పోయి జుట్టిచ్చొచ్చినా. ఈయన ఉగ్రమంతా ఆ నరసింహస్వామే తీసుకున్నాడని నా లెక్క. స్వామి కాదంట, గడ్డంట. నిమ్మకాయంత. నొసలు ఎనక కూచోని నిదానంగా పెరగతాండాదంట.

కడాకు మగ్గంలోనే ఫిట్సొచ్చి పడిపోతే ఈడికి తెచ్చినాము. డాక్టర్లు శానా బాగా చేసినారు, నేను కాదనను. క్యాన్సరు కాదమ్మా, మొత్తం తీసేసినాము అన్నారు.

మూడోనాడు కండ్లు తెరిసినాడు. పెద్దసారు, సిస్టర్లు, అందరూ మంచం చుట్టూ నిలబడుకోని ఉండారు. నేను చెంచాతో నీళ్లు పోసినా. "ఇంత సల్లనీళ్లా? బుద్ధుండాదా నీకు?" అన్నాడు. మాట స్పష్టంగా వచ్చిందని సారు సంబరపడినాడు. మీ ఆయన మీకు తిరిగొచ్చినాడమ్మా అని నాకు చెప్పినాడు. నిజమే, వచ్చినాడు. మరి ఆ ఇంకొకాయన్ను యాడికి పంపించినారని అడగబోయినా. అడిగితే నా తలకాయకు కూడా స్కాను తీస్తారని ఊరుకున్నా.

పనికి పోతాండాడా? పోతాండాడు. జ్ఞాపకముండాదా? నేను ఇరవై ఏండ్ల కింద చేసిన తప్పు కూడా ఉండాది. టిక్కు పెట్టుకో. బాగా కోలుకున్నాడు.

జబ్బు గుర్తులు మొదట ఎప్పుడు కనపడినాయనా? పోయినసారి మీవాళ్లకు ఆరు నెలలని చెప్పినా గదా. మల్ల ఎందుకు అదే అడగతాండావు?

ఓహో. ఎంత ఆలస్యమైతే కన్ను ఎంత పోతాదో లెక్కేస్తాండారా. నూటాయాబై మందిని అడిగి. ఆ లెక్క చూసి వేరే ఊర్ల డాక్టర్లు జాగ్రత్త పడతారా.

అయితే ఆరు నెలలు కొట్టేయ్ పాపా. మూడేండ్లని రాయి.

మా చెల్లెలు పెండ్లికి పోయినప్పుడే వేంపల్లెలో ఒక డాక్టరుకు చూపిచ్చినా, జలుబుకని. ఈయన్ను బయట కూచోబెట్టి, వాసన తెలీదు, మనిషి మారినాడు అని చెప్తే ఆ డాక్టరు పెన్ను కింద పెట్టి నన్నే చూసినాడు. తలకు స్కాను తీపియ్యండి, ఆలస్యం చెయ్యొద్దు అని చీటీ రాసిచ్చినాడు. మర్చిపోయినా అని చెప్పను. ట్రంకుపెట్టెలో చీరల కింద పెట్టినా. వైద్యం చేస్తే మనిషి పోతాడేమోనని భయం. చచ్చిపోతాడని కాదు. నీకర్థమైంది గదా.

మల్ల ఎడమ కన్ను మసకేసింది. ఆ పక్క పోగులు కనపడక తడుముకుంటాంటే, నేనే పోయి ముడేసేదాన్ని. ఇదేంది తిమ్మా ఇట్ల ఉండాది అంటే, వయసులే అన్నా.

ఒక ఏడాది ముందొచ్చింటే కన్ను దక్కేది అన్నారు మీవాళ్లు. ఆయన ఏమన్నాడో తెలుసా? మనకేం తెలుసులే సారూ అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నిటికీ నన్నే అనే మనిషి, నేను నిజంగా చేసిన దానికి మాత్రం అనలేదు.

రాసినావా? ఆ ఆలస్యం ఆయన పేరు పక్కన రాయొద్దు, నా పేరుతో రాసుకో.

ఉండు, బయటికొచ్చినాడు. ఎడమ పక్క ఆ బెంచీ కనపడదు ఆయనకు, తట్టుకుంటాడు. పోయి పట్టుకోవాల. ఆలస్యమైతే మల్ల తిడతాడు.