లైను తీసుకున్నవాడే తిరిగివ్వాలి

"తాతయ్యా, మా కాలేజీలో ఒక ఇంగ్లీషు మాట తీసుకుని, మన ఊళ్ళలో దాన్ని ఎన్ని రకాలుగా వాడతారో రాసుకు రమ్మన్నారు. నేను 'లైను' తీసుకున్నాను. నువ్వు చెప్పు, ఫోన్లో రికార్డు చేసుకుంటాను."

లైనా? బాగుంది. సరైన మనిషి దగ్గరికే వచ్చావమ్మా. ముప్పై నాలుగేళ్ళు... కాదు, ముప్పై మూడు, ఒక ఏడాది ట్రైనింగులో పోయింది, సబ్‌స్టేషన్లో ఆపరేటర్‌గా చేశాను. నాకు తెలిసినంత లైను ఇంకెవరికీ తెలీదు. అంత పొగరుగానూ చెప్తున్నాను, రాసుకో.

ముందు మామూలువి చెప్తాను. రేషను షాపు దగ్గర నిలబడితే అదొక లైను. బస్సెక్కితే, ఇది భీమవరం లైనా నరసాపురం లైనా అని అడుగుతాం కదా, అదొకటి. మీ నాయనమ్మ కొత్తగా కాపురానికొచ్చినప్పుడు మేమున్నది వరసగా ఆరు వాటాలున్న ఇల్లు, దాన్ని లైనిల్లు అనేవాళ్ళు. అద్దె నలభై రూపాయలు, అందరికీ కలిపి ఒకటే నుయ్యి. అప్పుడు టీ అర్ధ రూపాయమ్మా, ఇప్పుడు అర్ధ రూపాయిస్తే మొహం చూస్తారు. ఏంటి చెప్తున్నాను... ఆఁ, లైను. కుర్రాడు ఆడపిల్ల వెనకాల తిరిగితే లైనేస్తున్నాడంటారు, అది నీకు నేను చెప్పక్కర్లేదు, నవ్వకు. వాడే బుద్ధి తెచ్చుకుని ఉద్యోగంలో చేరితే లైన్లో పడ్డాడంటారు. మా బావమరిది, అదే మీ నాన్న మేనమామ, నలభయ్యో ఏట లైన్లో పడ్డాడు. ఇంకా ఫోను లైను, రైలు లైను. మీ నాన్న ఇంటరయ్యాక ఏ లైను తీసుకుంటాడని ఊరంతా నన్నే అడిగేవారు, వాణ్ణి అడిగితే కదా తెలిసేది.

అవన్నీ ఒక ఎత్తు, మా డిపార్ట్‌మెంటు లైను ఒక ఎత్తు. మా దగ్గర లైను 'తీసుకోవడం' అని ఉంటుంది. లైన్‌మన్ స్తంభం ఎక్కాలంటే ముందు సబ్‌స్టేషన్‌కి ఫోను చేసి, నాకు ఫలానా లైను కావాలండి అంటాడు. నేను కరెంటు ఆపి, స్విచ్చికి తాళం వేసి, బోర్డు తగిలించి, పుస్తకంలో వాడి పేరు రాసి, ఇచ్చానయ్యా అంటాను. అప్పుడు ఎక్కుతాడు. పనైపోయి కిందకి దిగాక, ఆ తీసుకున్నవాడే మళ్ళీ ఫోను చేసి లైను తిరిగిచ్చేస్తున్నానండి అనాలి. వాడే అనాలి. పక్కవాడు చెప్తే కుదరదు, ప్రెసిడెంటు గారు చెప్పినా కుదరదు. నాకు పని నేర్పినాయన మొదటి రోజే చెప్పారు, ఏ గొంతుతో తీసుకున్నాడో ఆ గొంతుతోనే తిరిగివ్వాలిరా అని.

ఇప్పుడు మీ చిన్న తాతయ్య సంగతి చెప్పాలి. సత్తిబాబు, నా తమ్ముడు. నువ్వెరుగుదువు కదా, పళ్ళు కట్టించుకున్నాక నవ్వడం ఎక్కువైంది, ఆయనే. అప్పట్లో వరి మానేసి మూడెకరాల్లో రొయ్యల చెరువు తవ్వించాడు. మొదటి పంట. పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టి అమ్మడానికి, పది రోజులుందనగా గాలొచ్చింది. తుఫాను కాదులే, మామూలు గాలే, కొబ్బరి మట్టలు తీగల మీద పడ్డాయి. పొద్దున్న ఏడింటికి సూరిబాబు అని మా లైన్‌మన్, నల్లగా పొడుగ్గా ఉండేవాడు, మంచి పనిమంతుడు, నా దగ్గర లైను తీసుకున్నాడు. తోడు హెల్పరు వీర్రాజుని పెట్టుకుని వెళ్ళాడు.

ఆ రోజు మబ్బు. మబ్బు పడితే చెరువు నీళ్ళలో రొయ్య పీల్చే గాలి తగ్గిపోతుందమ్మా, నీళ్ళు తిప్పే చక్రాలుంటాయి చూడూ, ఏరేటర్లంటారు, అవి తిరక్కపోతే రొయ్య బతకదు. తమ్ముడి జనరేటరు మూడు రోజుల బట్టీ భీమవరంలో మెకానిక్కు దగ్గరుంది. ఎనిమిదిన్నరకి బండేసుకొచ్చేశాడు. కాళ్ళకి చెరువు బురద అలాగే ఉంది. అన్నయ్యా, రొయ్యలు పైకి తేలిపోతున్నాయి, లైనివ్వు అన్నాడు. సూరిబాబు ఫోను రానీరా అన్నాను.

తొమ్మిదికి ఫోనొచ్చింది. వీర్రాజు. ఎవరో రైతు సెల్లు తీసుకుని చేశాడు, అప్పుడప్పుడే సెల్ ఫోన్లొచ్చిన రోజులు. "అయిపోయిందండి గురువుగారు, ఇచ్చేయండి" అన్నాడు. సూరిబాబుకివ్వు ఫోను అన్నాను. "ఆయన కాలవ అవతల ఉన్నాడండి. దిగిపోయే ఉంటాడండి" అన్నాడు. చూశావా అని అడిగితే, చూళ్ళేదండి, రైతులు మీద పడిపోతున్నారండి అన్నాడు.

సత్తిబాబు పక్కనే నిలబడి వింటున్నాడు. అయిపోయిందన్నాడుగా అన్నాడు. అవలేదురా, తీసుకున్నవాడు చెప్పలేదు అన్నాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడమ్మా. చిన్నప్పుడు జాతరలో తప్పిపోతానని పట్టుకునేవాడు, మళ్ళీ అదే పట్టుకోవడం. ఏడ్చాడు. నేను నీకు అబద్ధం చెప్పను, నా చెయ్యి స్విచ్చి తాళం దాకా వెళ్ళింది. వీర్రాజు నమ్మకస్తుడే, అయ్యే ఉంటుందిలే అనిపించింది. వెళ్ళిన చెయ్యి వెనక్కి తీసుకుని, తాళంచెవి జేబులో వేసుకుని, కుర్చీ తలుపుకి అడ్డంగా లాక్కుని కూర్చున్నాను. ఫోన్లోనే ఉన్న వీర్రాజుకి చెప్పాను, నువ్వు పడవలో కాలవ దాటి వెళ్ళి ఆయన్ని కళ్ళారా చూసి, ఆయన చేతే మాట్లాడించు అని.

తొమ్మిదీ నలభైకి మోగింది ఫోను. "ఆయ్, నేనేనండి, సూరిబాబుని. దిగిపోయానండి. అవతల ఇంకో మట్ట తీగకి చుట్టుకుపోయిందండి, ఇప్పటిదాకా దాంతోనే సరిపోయింది" అన్నాడు. తొమ్మిదింటికి ఎక్కడున్నావయ్యా అన్నాను. పైనేనండి, తీగ పట్టుకునున్నానండి అన్నాడు. లైను తిరిగి తీసుకుని, పేరు రాసి, కరెంటిచ్చాను.

సత్తిబాబు చెరువు సగం పైన పోయింది. గట్టు మీద రొయ్యలు ఎర్రగా కుప్పలు పోశారు. నేను వెళ్తే వాడు మొహం తిప్పుకున్నాడు. సాయంత్రం సూరిబాబు సబ్‌స్టేషన్‌కొచ్చాడు, పొద్దున్న జరిగింది ఎవరో చెప్పినట్టున్నారు. పంపు దగ్గర చేతులు కడుక్కుని, చాలాసేపు కడుక్కుని, వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. టీ చెప్పండి గురువుగారు అన్నాడు, అంతే.

నేను చేసింది రైటేనమ్మా. ఆ రోజూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను. కానీ రైటైనంత మాత్రాన సుఖంగా ఉండదు. తమ్ముడు మూడేళ్ళు నాతో మాట్లాడలేదు. మా అమ్మ తద్దినానికి కూడా ఎడం పక్కన నేను, కుడి పక్కన వాడు, మధ్యలో పంతులు గారు. మీ నాయనమ్మ పనసపొట్టు కూర చేసి పంపిస్తే గిన్నె కడిగి వెనక్కి పంపేవారు, కూర మాత్రం తినేవాళ్ళనుకో.

నేను రిటైరవ్వడానికి ఇంకా నాలుగు నెలలుందనగా, ఒక మధ్యాహ్నం సబ్‌స్టేషన్ గేటు దగ్గర బండి ఆగింది. సత్తిబాబు. లోపలికొచ్చి, ఆ రోజు నిలబడ్డ చోటే నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. వాడి కొడుకు, మీ శీను బాబాయి, అప్పుడే లైన్‌మన్‌గా సెలక్టయ్యాడు, ఆ సంగతి నాకు బయటివాళ్ళ ద్వారానే తెలిసింది.

"అన్నయ్యా, మావాడు రేపట్నించి స్తంభాలెక్కుతాడు" అన్నాడు. మంచిదేరా అన్నాను. స్విచ్చికి తగిలించే బోర్డు వంక చూశాడు. తరవాత అన్నాడు కదా, "వాడు ఎక్కినప్పుడల్లా ఈ కుర్చీలో నువ్వే ఉండేలా చూసుకోలేవా?"

నేనుండనురా, నాలుగు నెలల్లో దిగిపోతున్నాను అన్నాను. వాడే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అయితే నీ తరవాత వచ్చేవాడికి నువ్వే నేర్పు. తండ్రొచ్చి ఏడ్చినా ఇవ్వొద్దని చెప్పు" అన్నాడు.

నేర్పాను. వచ్చిన కుర్రాణ్ణి నాలుగు నెలలూ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. శీను ఇప్పటికీ ఎక్కుతూనే ఉన్నాడు, దిగుతూనే ఉన్నాడు. నువ్వు కూడా చల్లగా ఉండు తల్లీ, నీ పని అయ్యిందన్న మాట నీ నోటితోనే చెప్పు, ఇంకొకళ్ళ చేత చెప్పించకు... అంతేనమ్మా, ఇంకేం లేదు, రికార్డు ఆపెయ్.