నాడ్యూల్ మంచిదన్నావు కదా

(చోడవరంలో గ్రామసేవక్ దయాసాగర్ అద్దెకుండే గది. మిట్టమధ్యాహ్నం. గోవాడ పక్క పల్లె రైతు సత్యారావు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.)

"మాట మార్సకు బాబూ. అన్నావా, లేదా? ముందది సెప్పు."

"అరవకండి సత్యారావుగారూ. లోపలికొచ్చి కూర్చుని మాటాడండి."

"కూకోడానికి రాలేదు నాను. జనుం మొక్క వేళ్ళతో సహా పీకి, అందరి ముందూ పైకెత్తి సూపించేవా, లేదా?"

"చూపించేను. గ్రామసేవక్‌ని, నా పని అదే కదా."

"ఆ వేళ్ళకున్న బుడిపెల్ని ఏటన్నావు?"

"నాడ్యూల్స్ అన్నాను. ఇంగ్లీషులో వాటి పేరది."

"మంచివే అన్నావు."

"పొలానికి మంచివన్నాను. జనుం వేసి దున్నితే నేలకి బలం అన్నాను. అబద్ధమా? మీ చెరుకు చూసుకోండి ఓసారి."

"సెరుకు మాటెత్తకు."

"ఏం, ఎందుకెత్తకూడదు?"

"ఎత్తకు, అంతే. మరి మా మెట్టలో గొయ్యి తవ్వితే సున్నపు గడ్డలొచ్చేయి. అయ్యేటన్నావు?"

"అవీ నాడ్యూల్సే అన్నాను. రాళ్ళ శాస్త్రం చదివినవాళ్ళు వాటినీ అలాగే అంటారు."

"పారీకండి, బట్టీలో ఏస్తే సున్నం అవుద్దన్నావు. అదీ మంచిదే. మొక్కకుంటే మంచిది, నేల్లో ఉంటే మంచిది. మరి నా పెళ్ళాం ఒంట్లో ఉంటే సెడ్డదని నాకెలా తెలుస్తాది?"

"ఎవరికి? రాజ్యమ్మగారికా?"

"మరెవరికి? నాకెంతమందున్నారు పెళ్ళాలు?"

"ఎక్కడొచ్చింది?"

"ఎక్కడో ఒకసోట."

"ఎక్కడండీ?"

"ఆడది పైకి సెప్పుకోలేని సోట. సాలా? ఇంకా ఇడమర్సాలా?"

"సరే, సరే. చెప్పండి."

"పెద్దాసుపత్రికి అట్టుకెళ్ళేను. డాక్టరు సూసి నాడ్యూల్ అన్నాడు. ఓస్, ఇంతేనా, మా గ్రామసేవక్ బాబు సెప్పిందే కదా, మంచిదే కదా అనుకున్నాను. బస్సెక్కించి ఇంటికి తెచ్చేసేను."

"ఎప్పటి మాట ఇది?"

"ధనుర్మాసం."

"ధనుర్మాసమా! ఉగాది కూడా వెళ్ళిపోయింది కదండీ! ఇప్పుడెలా ఉంది?"

"సితికింది. రసి కారతంది. నిన్న మళ్ళీ అట్టుకెళ్తే డాక్టరు నా మీద కేకలేసేడు. ఇప్పుడా తేవడం, ఇంక కొయ్యడానికి లేదు, ఇంటికి తీసుకుపో అన్నాడు. నీవల్లే. నీ ఇంగ్లీషు మాటవల్లే నా కొంప మునిగింది."

"నేను ఆ రోజే చెప్పేను. మనిషి ఒంట్లో వస్తే అది వేరే సంగతి, డాక్టరుకి చూపించుకోవాలి అని."

"సెప్పలేదు."

"చెప్పేను."

"మా ఊరి పరదేశి ఆ రోజు నా పక్కనే ఉన్నాడు. పిలిపించీమంతావా? పిలిపించీమంతావా సెప్పు!"

"చెప్పేననే అనుకుంటన్నాను."

"అదీ! అనుకుంటన్నావు! పెద్ద మాటలు పలికేసి సైకిలెక్కి పోడం నీకేమో సులువు. మీద పడ్డోడికి తెలుస్తాది. బ్లాకాఫీసుకే ఎల్తన్నాను నాను. నీ ఉద్యోగం ఎలాగుంతాదో సూస్తాను."

"వెళ్ళండి. నేనే తోడొస్తాను. కానీ ఒక్కటి చెప్పి వెళ్ళండి. ధనుర్మాసంలో డాక్టరు ఆ ఒక్క ముక్కా అని ఊరుకున్నాడా?"

"ఊరుకున్నాడు."

"నాడ్యూల్ అని, ఇంక నోరు మూసుకున్నాడా?"

"ఏదో అన్నాడు. నర్సుతోటి."

"నర్సుతోనా, మీతోనా?"

"నాతోటే అన్నాడనుకో. అయితే?"

"ఇంగ్లీషులోనా?"

"నాకు ఇంగ్లీషొచ్చా ఏటి? తెలుగులోనే."

"తెలుగులో ఏమన్నాడు?"

"గడ్డ అన్నాడు."

"గడ్డ అని?"

"నువ్వేటి, పోలీసోడివా? నిన్ను అడగడానికొచ్చేను నాను. నువ్వు నన్ను అడుగుతావేటి?"

"గడ్డ అని ఏం చెయ్యాలన్నాడు?"

"కొయ్యాలన్నాడు."

"ఎప్పుడు కొయ్యాలన్నాడండీ?"

"బేగి. బేగి కొయ్యాలన్నాడు. ఆలస్యం సెయ్యొద్దన్నాడు. అయితే ఏటిప్పుడు?"

"అయితే మీకు తెలుసు. నా మాట విని కాదు మీరు ఇంటికి తెచ్చేసింది."

"గానుగ వంతొచ్చింది! ఊరంతటికీ ఒకటే గానుగ. మా వంతు పోతే పరదేశి లాక్కుంతాడు. అందరి సెరుకూ అయితే గానీ మళ్ళీ మాకు రాదు. అప్పటికి సెరుకు ఎండి సొప్పయిపోద్ది. జీతం తీసుకునే నీకేటి తెలుస్తాది?"

"మీ వంతు అయిపోయేక తీసుకెళ్ళొచ్చు కదా."

"మా అన్నయ్య వంతొచ్చింది. నా వంతులో ఆడు ఎద్దులిచ్చేడు, మనుషుల్నిచ్చేడు. ఆడి వంతులో నాను మొగం సాటేస్తే ఊళ్ళో తలెత్తుకుంతానా? ఆడి తరవాత మా బావది."

"ఆవిడ తమ్ముడున్నాడు కదా వడ్డాదిలో. అతన్ని పంపొచ్చు కదా."

"ఏటని పంపను? బావమరిదిని పిలిచి, మీ అక్కకి పలానా సోట గడ్డొచ్చింది, మొగ డాక్టరు కోస్తాడు, పట్టుకెళ్ళు అని సెప్పమంతావా?"

"పోనీ, మీ వంతులో బెల్లం పొయ్యి దగ్గర పిప్పి ఎగదోసింది ఎవరు? నేను వచ్చేను ఆ రోజు. మీరు నాకు గ్లాసుడు చెరుకురసం ఇచ్చేరు. ఆవిడ ఎడం చెయ్యి కదపలేక, కుడిచేత్తో తోస్తంది పిప్పి. ఏమైందమ్మా అంటే మీరే అన్నారు, వాయువు అని."

"ఆపు."

"మీ అన్నయ్య వంతులోనూ ఆవిడే ఉంది. మీ బావ వంతులోనూ—"

"మెల్లిగా మాటాడు! బండి గుమ్మంకాడే ఉంది."

"బండిలో ఎవరున్నారు? ఆవిణ్ణి తెచ్చేరా? ఈ ఎండలో? ఎందుకు?"

"నువ్వు సెప్తే నీ మాటైనా ఇంతాదని."

"నేనేం చెప్పాలి?"

"తప్పు నాది అని సెప్పు. నాడ్యూల్ మంచిదని నానే సెప్పేను, మీ ఆయన నా మాట నమ్మేడు, పాపం తెలీక సేసేడు అని సెప్పు. ఒక్క మాట. ఇంకేటీ అడగను. బ్లాకాఫీసుకీ ఎల్లను."

"అబద్ధం చెప్పమంటారు. చావబోయే మనిషితో."

"అబద్ధవేటి! సగం నిజవే కదా. నువ్వు అన్నావు, నాను నమ్మేను. నమ్మితే గానుగ పనవుతాదని నమ్మేను. నిన్నట్నుంచీ అది నాతో మాటాడలేదు. తిట్టినా బాగుణ్ణు. ఊరికే సూస్తంది. పెద్దాసుపత్రి మెట్లు దిగిన కాణ్ణించీ సూస్తనే ఉంది. ఆ సూపుతో అది పోతే నాను బతకలేను బాబూ."

"బతకండి. మీ పాట్లు మీరు పడండి. నా నెత్తిన రుద్దకండి."

"మీ యేసుబాబు ఊరందరి తప్పులూ నెత్తినేసుకున్నాడని పాటలు పాడతారు కదా ఆదివారం ఆదివారం. నువ్వొక్కటి ఏసుకోలేవా? ఒక్క నోటిమాటకి నీకేటి పోద్ది బాబూ? కాళ్ళట్టుకోమంతావా?"

"వద్దు. లేవండి. ఒంట్లో వస్తే వేరే సంగతన్న మాట ఆ రోజు చెప్పేనో లేదో నాకే గట్టిగా తెలీదు. పదండి, చెప్తాను."

"నువ్వు రానక్కర్లేదు బాబూ. నానే దిగేను."

"ఒసే రాజ్యం! నువ్వెందుకు దిగేవే? ఎండలో!"

"మీ ఇద్దరి కేకలూ ఈదిలో అందరూ ఇంతన్నారు. బండిలో ఉన్నదానికి ఇనపడదేటి?"

"కూర్చోండమ్మా, ఇలా నీడలోకి రండి. రాజ్యమ్మగారూ, తప్పు నాదేనమ్మా. నాడ్యూల్ అంటే మంచిదని నేనే—"

"ఒద్దు బాబూ. సదువుకున్నోడివి, నాకోసం నోరు పాడుసేసుకోకు. డాక్టరుగోరు బేగి కొయ్యాలి అన్నది నా మొగంమీదే. నానూ తెలుగుదాన్నే."

"నీకు తెలుసా! తెలిసీ ఇన్నాళ్ళూ నాతో ఒక్క ముక్క అనలేదేటే? అడిగితే తీసుకెళ్ళకపోదునా?"

"అడిగితే తీసుకెల్దువు. అడక్కుండా తీసుకెల్తావేటోనని సూసేను. గానుగ ఆగినప్పుడల్లా నీ మొగంకేసి సూసేను, ఎల్దాం పదవే అంతావని. పిప్పి తొయ్యే అన్నావు."