పన్నెండో తారీకు పాలు

డెబ్బైల నాటి ఉత్తర ఐర్లండు. సరిహద్దు కొండల్లో మలకి అనే క్యాథలిక్కు రైతు వంటిల్లు. జూలై పన్నెండు, సాయంత్రం.

“వెళ్ళకు, అంతే. ఎందుకని అడక్కు మావయ్యా.”

“అడక్కుండా ఎట్లా ఉంటానురా డెక్లన్? పొద్దున పితికి వచ్చాను. ఇప్పుడు మళ్ళీ పితకాలి. ఐవన్ ఊరేగింపు నుంచి వచ్చేసరికి ఎంతవుతుందో ఏమో. అందాకా ఆవులు ఆగుతాయా?”

“ఈ ఒక్క సాయంత్రం ఆగుతాయి.”

“ప్రొటెస్టెంట్లకి ఇవాళ పండగ. వాడి ఆవులు నేను పితుకుతా. వచ్చే నెల మనకి మరియమ్మ పండగ. నా ఆవులు వాడు పితుకుతాడు. మా నాన్నా వాళ్ళ నాన్నా ఉన్నప్పటి నుంచీ ఇంతే. ఇవాళ నువ్వొచ్చి వద్దంటే మానేస్తానా?”

“మానెయ్యాలి.”

“నీ మాటేనా ఇది?”

“నాది కాదు. చెప్పమన్నారు, చెప్పాను.”

“ఎవరు?”

“ఎవరో నీకు తెలుసు.”

“ఒరే... వాడి కొట్టంలో ఎవరన్నా ఉన్నారా?”

“నేనా మాట అన్లేదు.”

“వాణ్ణి చంపుతారా?”

“మెల్లిగా! అత్త పెరట్లో ఉంది. రాత్రిళ్ళు యూనిఫాం తొడుక్కుని, తుపాకీ పట్టుకుని, రోడ్డు మీద మన బళ్ళు ఆపేవాడు మనకేమన్నా చుట్టమా? మిగతా రోజుల్లో పాలు పితికేటప్పుడు కూడా తుపాకీ పక్కనే పెట్టుకుంటాడు. ఈ పండగ నాడొక్కటే ఉత్త చేతుల్తో తిరుగుతాడు.”

“ఆ సిపాయి పని ఏ రెండు రాత్రులో చేస్తాడు. మిగతా వారమంతా పక్కింటివాడేరా. నువ్వు పుట్టిన నాడు మంత్రసానిని ట్రాక్టరు మీద ఎక్కించుకొచ్చింది వాడే.”

“తెలుసు. అమ్మ వంద సార్లు చెప్పింది. మావయ్యా, నేనొచ్చింది వాడి కోసం కాదు, నీ కోసం. వచ్చినవాళ్ళు ఈ ఊరివాళ్ళు కాదు. సరిహద్దు అవతల నుంచి వచ్చారు. ఐవన్ ఎట్లా ఉంటాడో తెలీదు, నువ్వెట్లా ఉంటావో తెలీదు. వాళ్ళకి ఒక్కటే చెప్పారు. సాయంత్రం పాలు పితకడానికి వచ్చేవాడే మనిషి అని. ఆ కొట్టంలో మిట్టమధ్యాహ్నం కూడా చీకటే కదా. అర్థమైందా?”

“అయింది... వాడికి చెప్పేస్తాను. రోడ్డు మీదికి ఎదురెళ్ళి చెప్పేస్తాను.”

“చెప్పు. చెప్తే సైన్యం దిగుతుంది. ఎవరు ఉప్పందించారని మనవాళ్ళు లెక్క చూస్తారు. కబురు తెలిసినవాడివి నువ్వొక్కడివే. తలకి సంచి కట్టి, చేతులు వెనక్కి కట్టి, నిన్ను సరిహద్దు రోడ్డు పక్కన పడేస్తారు. ఆ తర్వాత నన్ను. అత్త ఇద్దరికీ కలిపి ఏడవాలి.”

“ఎప్పటిదాకా ఉంటారు వాళ్ళు?”

“చీకటి పడితే పోతారు. అంతకంటే నాకు తెలీదు. ఎవరన్నా అడిగితే మోకాలు నొప్పని చెప్పు. అత్తక్కూడా.”

“నోరాతో అబద్ధమా?”

“అత్తతో నిజం చెప్తే అరగంటన్నా దాచగలదా?”

*

“డెక్లన్ గొంతులా ఉంది. టీ అన్నా తాగకుండా పోయాడేం?”

“తొందరట.”

“ఐవన్ ఆవుల అరుపులు వినపడుతున్నాయా నీకు?”

“వినపడుతున్నాయి నోరా.”

“మరి కూర్చున్నావేం?”

“మోకాలు.”

“ఏ మోకాలు?”

“ఇదిగో, ఈ ఎడమది. పట్టేసింది.”

“పొద్దున కొండ దిగేటప్పుడు మేకపిల్లలా దిగావు. ఇంతలోకే పట్టేసిందా?”

“పట్టేటప్పుడు చెప్పి పడుతుందా?”

“సరే, చెంబూ బిందే ఇటివ్వు. నేను పోయి పితుకుతా.”

“వద్దు!”

“అరుస్తావేం? ఎందుకొద్దు?”

“ఎందుకంటే... పొద్దున ఊరేగింపులో మన చర్చి ముందు ఆగి మరీ డప్పు కొట్టారు. కావాలని. వాడి ఆవులు వాడే చూసుకుంటాడు.”

“ఏటా ఆగుతారు. ఏటా కొడతారు. ఫాదరుగారు కూడా కిటికీ మూసేసి నిద్రపోతారు. నీకు కొత్తగా రోషం పుట్టిందా?”

“పుట్టింది.”

“మీ నాన్న పోయిన ఏడు, దినాలు కూడా కాలేదు, అప్పుడు కూడా పోయి పితికావు. ఊళ్ళో మన పిల్లల్ని సైన్యం లాక్కుపోయిన ఏడు, ఎవరూ ఎవరి మొహం చూడలేదు, అప్పుడూ పితికావు. ఇవాళ మోకాలంటావు, డప్పంటావు. ఏదో ఒకటి చెప్పు.”

“రెండూ.”

“పొదుగులు పగిలిపోతున్నాయయ్యా! మూగజీవాలు. వాటికి క్యాథలిక్కేంటి, ప్రొటెస్టెంటేంటి? రేపు ఊరంతా ఏమనుకుంటుంది? పండగ పూట మలకిగాడు ఐవన్ ఆవుల్ని ఏడిపించాడనుకోదూ? ఈ కొండ మీద మిగిలిన మర్యాదంతా కలిపి అదొక్కటే. దాన్నీ చంపేస్తావా?”

“నోరా, అటు పోకు. పోనని చెప్పు.”

“నేను మా అక్క బ్రిజిట్ ఇంటికి పోతున్నా. నీ మొహం చూస్తుంటే ఒళ్ళు మండుతోంది.”

“పో. పోయి చీకటి పడేదాకా అక్కడే ఉండు.”

“పంపెయ్యడానికి ఎంత తొందరో! పొయ్యి మీద టీ ఉంది. గొంతు దిగితే తాగు.”

*

“ఏమయ్యా మలకీ! ఇంట్లోనే దాక్కున్నావా, దొంగ క్యాథలిక్కూ?”

“రా ఐవన్, రా. లోపలికి రా. ఆ కండువా తీసి అవతల పెట్టు. గోడ మీది మా మరియమ్మ దడుచుకుంటుంది.”

“ఏటా చూస్తోందిలే మీ మరియమ్మ. ఈ నారింజ రంగు ఆవిడకి అలవాటే. అబ్బ, కాళ్ళు! రెండు కోసులు డప్పుల వెనక నడక. ఆపైన మా పాస్టరు మైకు వదల్లేదు.”

“ఏమన్నాడు?”

“ఎప్పుడూ అనేదే. మీరు మమ్మల్ని మింగేస్తారన్నాడు.”

“మింగుతాంలే. ముందు కూర్చో. టీ పోస్తా.”

“టీకేం తొందర. దారంతా నా ఆవుల అరుపులే. పితకలేదా?”

“మోకాలయ్యా. పట్టేసింది.”

“అయ్యో పాపం. ఏ మోకాలు?”

“కుడిది.”

“కుడిదా?”

“కుడిదే. ఎందుకట్లా చూస్తావు?”

“ఏం లేదు. కుడిది మంచిది కాదు. సరే, మరి నేను పోయి పితుక్కుంటా.”

“కూర్చో!”

“అమ్మో, గర్జిస్తున్నావే.”

“కూర్చోవయ్యా. పొద్దుటి నుంచి ఏం తిన్నావు? రొట్టె ఉంది. నోరా ఇవాళే కాల్చింది. వెన్న రాసిస్తా. పంది మాంసం ముక్క కూడా ఉంది, వేయించనా?”

“నీ చేతి వంట తినే ధైర్యం నాకు లేదు. నోరా ఏది?”

“అక్క ఇంటికి పోయింది.”

“అట్లాగా. అయితే లేస్తా.”

“విస్కీ పోస్తానుండు.”

“నేను తాగనని నీకు తెలుసు.”

“ఇవాళ పండగ కదా.”

“మా పండగకి నువ్వు పోసే విస్కీ తాగితే మా పాస్టరు నన్ను బతికుండగానే పాతేస్తాడు. లేస్తున్నా. అదిగో, ఆ అరుపు మా తెల్లావుది. దానికి ఓపిక లేదు.”

“పోనీ మా దూడని చూసి పో. రెండ్రోజులుగా పేడ నీళ్ళలా పారుతోంది. నీకు తెలిసినంత నాకు తెలీదు.”

“రేపు చూస్తా.”

“ఐవన్!”

“ఏంటి?”

“పోయిన చలికాలం రోడ్డు మీద నన్ను ఆపావు. గుర్తుందా?”

“ఇప్పుడెందుకది?”

“లైటు మొహాన కొట్టి, ‘పేరు?’ అన్నావు. పుట్టినప్పటి నుంచీ ఎరిగినవాణ్ణి పట్టుకుని పేరేంటని అడిగావు.”

“పక్కన ఆఫీసరున్నాడయ్యా. ఇంగ్లండువాడు. అడక్కపోతే నన్ను అడుగుతాడు.”

“పేరు చెప్పాను. ‘ఎక్కణ్ణుంచి?’ అన్నావు. నీ కంచె అవతల నుంచి అన్నాను. నవ్వలేదు నువ్వు.”

“తర్వాత నవ్వాను. కొట్టంలో ఒక్కణ్ణే కూర్చుని. నవ్వాక చాలా సేపు ఎట్లాగో ఉంది. నువ్విది ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నావా?”

“పెట్టుకున్నా. కూర్చో, తేల్చుకుందాం.”

“ఇదిగో, కూర్చున్నా. తేల్చు.”

“ఆ యూనిఫాం వదిలెయ్యి ఐవన్.”

“అదా సంగతి.”

“వదిలేసి, వదిలేశానని ఊరందరికీ తెలిసేటట్టు చెప్పు. రేపే. చర్చిలో చెప్పు, సంతలో చెప్పు.”

“మా అన్న జార్జి వదిలేశాడు. సంతలో కూడా చెప్పాడు. ఏడాది తిరిగాక, పాల డబ్బాలు రోడ్డు మీదికి తెస్తుంటే కాల్చారు. వదిలేసినవాణ్ణి చంపడం తేలిక మలకీ. తుపాకీ ఉండదుగా.”

“అది నాకు తెలీదా? శవపెట్టె మొయ్యలేదూ నేను?”

“మోశావు. మా చర్చి గేటు దాకా. గేటు దగ్గర ఇంకొకడి భుజానికి మార్చి నిలబడిపోయావు.”

“మా అమ్మ పోయినప్పుడు మీవాళ్ళు మా చర్చి లోపలికొచ్చారా? పూజ జరుగుతున్నంత సేపూ రోడ్డు అవతల టోపీలు తీసి నిలబడ్డారు, జోరువానలో.”

“నేనూ ఉన్నా. నాకు జ్వరం కూడా వచ్చింది. మీ అమ్మ బతికుంటే నన్ను తిట్టి లోపలికి లాక్కెళ్ళేది.”

“లాక్కెళ్ళేదే.”

“ఆవిడ చేతి రొట్టె తిన్నాను, ఆవిడ పూజకి గడప దాటలేదు. అడిగితే నాకూ తెలీదు ఎందుకో. మా నాన్న దాటలేదు. అంతే. పోనీ, వచ్చే నెల మీ మరియమ్మ పండగకి నీ ఆవులు నేనే పితుకుతా, మోకాలు ఏదైనా సరే. ఇప్పుడు నన్ను పోనియ్యి.”

“ఇంకాసేపు.”

“ఎంత సేపు?”

“చీకటి పడేదాకా.”

“చీకటి పడేదాకానా? ఏముంది నాకు నీ ఇంట్లో చీకటి పడేదాకా?”

“నన్నడక్కు. కూర్చో. నీకు దణ్ణం పెడతా, కూర్చో.”

“ఏడుస్తున్నావా?”

“పొగ. ఈ పొయ్యి సరిగా లాగదు.”

“మలకీ, ఇటు చూడు. ఇంక చాలు, నా వల్ల కాదు. ఇంత దూరం పోతుందనుకోలేదు. ఊరికే ఏడిపిద్దామని లేచీ కూర్చుంటున్నా, అంతే.”

“ఏడిపించడమేంటి?”

“నిన్ను సిగ్గుపడేదాకా ఏడిపించమని చెప్పారులే. నేను పోయేదీ లేదు, పితికేదీ లేదు. ఈ కుర్చీకి నా వీపు ఎప్పుడో అతుక్కుపోయింది. పొయ్యి ఆ టీ. రొట్టె కూడా పెట్టు.”

“పోవా? నిజంగా పోవా?”

“పోను. చీకటి పడేదాకా ఇక్కడే. సరేనా?”

“సరే. సరే ఐవన్. దేవుడు నిన్ను... ఇదిగో టీ. చక్కెర ఎంతేశానో తెలీలేదు.”

“పారబొయ్యకు. అదిగో, వాన కూడా పట్టింది. విను.”

“వానే.”

“వాన కాదు. ఆవులు విను. అరవడం ఆగిపోయింది.”

“... ఎందుకాగింది?”

“ఎందుకాగుతుంది? లోపలికి తోలి కట్టేస్తే ఆగుతుంది. పితికే మనిషొచ్చిందని వాటికి తెలిసిపోతుంది.”

“ఎవరు? ఎవరు తోలారు?”

“నీకు చెప్పొద్దంది.”

“ఐవన్, ఎవరు?”

“సందు మొదట్లో ఎదురైంది. బస్సు దిగి వస్తున్నా. బిందె చంకన పెట్టుకుని, ఏడ్చిన మొహంతో. ‘మా ఆయనకి పిచ్చి పట్టింది, నువ్వు పోయి ఆయన దగ్గర కూర్చో, పండగ పూట నీ చేత పాలు పితికించి మేం తలెత్తుకు తిరగలేం’ అంది. నేను పితుక్కుంటానన్నా. వింటుందా? అరే, టీ! మలకీ, ఎక్కడికి? ఏమయ్యా! అట్లా పరిగెడతావేం? తడుస్తుందని భయమా? తడవదయ్యా నీ పెళ్ళాం! మబ్బు పట్టిందని, మా గేటు మీద ఆరేసిన నా కోటు తొడుక్కోమన్నా, నా టోపీ కూడా కిందికంటా లాగి పెట్టా. వెనక నుంచి చూస్తే నేనే నడిచిపోతున్నట్టుంది!”