దొంగకు మర్యాద

ఆ శుక్రవారం గల్ఫ్‌లోని అబూ హమూర్ అనే పేటలో, వాళ్ల ఫ్లాట్‌లో తల్లీ కూతురూ ఇద్దరే ఉన్నారు. తండ్రి డ్యూటీకి వెళ్లాడు. కార్టూన్ సీరియల్లో దొంగల్ని చితక్కొట్టే పిల్లకు తెలుగు గొంతు కావాలట. కూతురు మధ్యాహ్నం రెండింటిలోగా డైలాగు రికార్డు చేసి పంపాలి.

“ఆగండి! కదిలితే కాళ్లు విరగ్గొడతానండీ.”

“దొంగకు అండీ ఏందే?”

“వాళ్లు పంపిన బొమ్మల దొంగకు మీసాలు తెల్లగున్నయమ్మా. నాయనకంటె పెద్దోడు.”

“అయితే కాళ్లు మొక్కు! గట్టిగ అను.”

“నువ్వు సూస్తుంటె సిగ్గయితది.”

“సరే, గీ నీ డైరీ సదువుకుంట కూసుంట. ‘అమ్మ పాట మొదలుపెట్టగానే పక్క ఫ్లాట్ వాళ్లు...’”

“ఏయ్! ఆగు! పేజీ తిప్పినవంటె చేతులు ఇరగ్గొడత!”

“గదే గొంతు! యల్లా, కానియ్, గట్లనే దొంగను అను. పంపినంకనే డైరీ ఇస్త. అప్పటిదాక ఆ ఫ్లాటోళ్లు ఏం జేసిన్రో సూస్త.”

తల్లి డైరీని చంకలో పెట్టుకుని, కూతుర్ని ఫోన్‌తో సహా పడకగదిలోకి నెట్టి తలుపు మూసింది.