స్నానానికి ముందా, తర్వాతా

రేవు మీది కొండగుడిలో, మధ్యాహ్నం వేళ, నూలుపోగు లేకుండా నిలబడ్డ గ్రీకుల అందాల దేవి అఫ్రొదితె పాలరాతి మోకాలికి గుడి చూసుకునే మిక్క మైనం రుద్దుతోంది. దేవి ఒక చెయ్యి ముందు అడ్డంగా ఉంది, రెండో చెయ్యి పక్కనున్న కడవ మీది బట్టను పట్టుకుని ఉంది. చంకలో పసిపిల్లతో వచ్చిన ఫిలిన్నకు ఆ బట్ట సంగతి తేలితే గాని ఇల్లు చేరే దారి లేదు.

“ముందా, తర్వాతా? అదొక్కటి చెప్పు మిక్కత్తా. నీళ్లు చల్లారిపోతున్నాయి.”

“జరుగు, జరుగు. మైనం తొక్కుతావు. ఏ నీళ్లే ఫిలిన్నా?”

“ఈ కూజాలోవి. వెచ్చబెట్టి, గుడ్డ చుట్టి తెచ్చా. ఒక చంకలో ఇది, ఒక చంకలో మీర్తో, భుజాన శాలువా. కొండెక్కేసరికి నా పనైపోయింది.”

“శాలువా ఎందుకు, ఈ ఎండలో?”

“దేవికి. స్నానానికి ముందైతే నీళ్లు పోస్తా. తర్వాతైతే శాలువా కప్పుతా.”

“రెండూ ఇచ్చేసి ఇంటికెళ్లు.”

“అమ్మో! ఒళ్లు తుడుచుకున్న మనిషి మీద మళ్లీ నీళ్లు పోస్తే ఊరుకుంటుందా? పోనీ ఇంకా పోసుకోని మనిషికి శాలువా ఇస్తే, నీకు స్నానమెందుకులే అన్నట్టుండదూ? మా అత్తగారి దగ్గర ఈ రెండూ చేసి చూశా. నాకు తెలుసు.”

“అసలేమని మొక్కావు?”

“ఈ మీర్తోకి ఏడు రోజులు జ్వరం. భయమేసి, తల్లీ, జ్వరం దించు, నీకు ఇప్పుడేది అవసరమో అదే పది రోజుల్లో తెచ్చిస్తా అన్నా. దించింది.”

“మేకపిల్లనిస్తా అంటే పోయేదిగా?”

“తోచలేదు. ఇవాళ పదో రోజు. పొద్దు గూకితే మాట తప్పినట్టే. చూడు, నుదురు చూడు. ఇందాకట్నుంచి మళ్లీ వెచ్చబడింది.”

“మూడు గుడ్డలు చుట్టావు గదే! అలా చుడితే నేనూ వెచ్చబడతా. తియ్యి.”

“గాలి తగిలితే?”

“తియ్యి అన్నానా.”

“ఒకటి తీస్తా. ఒక్కటే. అత్తా, ఇరవై ఏళ్ల నుంచి ఈవిణ్ణి తుడుస్తున్నావు. బట్ట విప్పుతోందా, కట్టుకుంటోందా, నీకు తెలీదా?”

“నా పని మోకాలి దాకే. పైసంగతులు నాకెందుకు?”

“తల అటు తిప్పింది. ఎవరో వస్తున్నట్టు...”

“నాకేం తెలుసు.”

“ఒళ్లు తడిగా ఉందా, పొడిగా ఉందా?”

“రాయే అది!”

“మెరుస్తోందిగా. తడేమో.”

“మైనం.”

“రేవులో అందర్నీ అడిగా. చేపలమ్మేవాళ్లు ముందే అన్నారు. నేతపనివాళ్లు తర్వాతే అన్నారు, కొట్టుకున్నారు కూడా. మా ఆయన్నడిగితే, ఇంకోసారి వెళ్లి బాగా చూసొచ్చి చెబుతా అన్నాడు.”

“మగాళ్లంతా అదే చెబుతారు.”

“అదుగో, పూజారిగారు! ఫైదిమోస్ గారూ, ఒక్క మాటండీ!”

“తొందరగా అడగమ్మా. లోపల పనుంది.”

“దేవి స్నానానికి ముందాండీ, తర్వాతా?”

“హుఁ. తూర్పు వాకిట్లోంచి చూసేవారికి ముందు. పడమటి వాకిట్లోంచి చూసేవారికి తర్వాత.”

“నేను మధ్యలో నిలబడ్డానండీ.”

“మధ్యలో నిలబడకూడదు.”

“మరి ఆ చూపు ఎటండీ?”

“అనంతం వైపు. లోకాలు పుట్టినప్పటి తొలినాదం వింటోంది దేవి. స్నానమన్నది మన కంటికి, అంతే.”

“అయితే నీళ్లు పొయ్యనా, శాలువా కప్పనా?”

“అది... అది పెద్దల సభలో తేలాలి. వచ్చే నెల.”

“వచ్చే నెలా! పొద్దు గూకేలోపలండీ!”

“ఫైదిమోస్, బుట్టలో బార్లీ రొట్టె, అత్తిపళ్లు పెట్టా. తిన్నావా?”

“మిక్కా! గుళ్లో ఆ మాటలొద్దని ఎన్నిసార్లు...”

“తిన్నావా, లేదా?”

“తింటా. ఇంకో మాట. ఆ మోకాలికి అంతసేపు రుద్దక్కర్లేదు. నలుగురూ అక్కడే చూస్తున్నారు. నే వెళ్తున్నా... అబ్బా!”

“అయ్యో! గుమ్మానికి కొట్టుకున్నారు పాపం!”

“రోజూ కొట్టుకుంటాడు.”

“ఎంత భక్తో చూడత్తా! దేవి ముందు నుంచి వెళ్తూ ఒక్కసారి కళ్లెత్తలేదు. ఊళ్లో ఇంకో మగాడు అలా వెళ్తాడా?”

“వెళ్లడు. ఏమే, నువ్వెందుకు ఏడుస్తున్నావు?”

“మీర్తో ఏడుస్తోందిగా.”

“దానికి తోడు నువ్వా?”

“నీళ్లు చల్లారిపోతాయి, పొద్దు పోతుంది, దేవికి కోపమొస్తుంది, నా పిల్ల... ఎవరూ చెప్పరు, ఎవర్నడిగినా...”

“ఊరుకో, ఊరుకో. ముందూ కాదు, తర్వాతా కాదు.”

“మరి?”

“మధ్యలో.”

“మధ్యలో నిలబడకూడదన్నారుగా ఆయన?”

“ఆయన అలాగే అంటాడు. ఎవరితోనూ అనవుగా?”

“మీర్తో మీద ఒట్టు.”

“పిల్ల మీద ఒట్లేంటే!”

“అమ్మో! తీసేశా, తీసేశా. నా మీదే ఒట్టు.”

“నీళ్లు పోసుకుందామని బట్ట విప్పింది. ఒక్క చెంబు పోసుకుంది. అంతలో పిల్లాడు ఏడ్చాడు. బట్ట అందుకోబోయింది. అదీ సంగతి.”

“దేవికి పిల్లాడా?”

“దేవికి కాదే. నాకు.”

“నీకా?”

“ఈ మోకాలు ఎవరిదనుకున్నావు? మా ఆయనే చెక్కాడు ఈవిణ్ణి. దేవి ఎలా నిలబడాలో తోచక నాలుగు నెలలు నన్ను సాధించాడు. ఓ రోజు పెరట్లో నీళ్లు పోసుకుంటున్నా. చాటలో పడుకోబెట్టిన వాడు కేర్ మన్నాడు. నేనటు తిరిగి బట్ట అందుకున్నానో లేదో, కదలకు, అలాగే ఉండు అని అరిచాడు ఈయన. బిడ్డ ఏడుస్తున్నాడయ్యా అన్నా. ఏడవనీ, నువ్వు కదలకు అన్నాడు.”

“కదల్లేదా?”

“వాడు గుక్కపట్టేదాకా నిలబడ్డా. తర్వాత ఎనిమిది నెలలు, రోజూ అదే. నా చూపు సరిగ్గా కుదరని రోజు గిల్లేవాడు.”

“నిన్నా?”

“వాణ్ణి.”

“ఓరి దేవుడా! మరి ముఖం నీది కాదే?”

“ముఖం ఇంకెవరిదో పెట్టాడు. ఊళ్లో బతకాలిగా.”

“అయితే ఆ అనంతం, ఆ తొలినాదం...”

“అనంతమూ లేదు, ఏమీ లేదు. గోడవార చాట.”

“అంటే ఈవిడకి నీళ్లూ వద్దు, శాలువా వద్దు. పిల్లాణ్ణి ఎత్తుకునే మనిషి కావాలి.”

“అప్పుడెవరైనా వచ్చి వాణ్ణి ఎత్తుకునుంటే! ఇరవై నాలుగేళ్లయింది ఫిలిన్నా. ఇప్పటికీ చెంబెడు పోసుకునేసరికి చెవి అటే పోతుంది. తీరిగ్గా ఒళ్లు కడుక్కున్నది లేదు. అదిగో, నీ పిల్ల ఊరుకుంది. చల్లబడింది కూడా, చూడు.”

“నిజమే. గుడ్డ తీసినందుకేనంటావా? అత్తా, ఆ పిల్లాడు ఇప్పుడెక్కడున్నాడు?”

“ఇందాకే గుమ్మానికి కొట్టుకున్నాడు.”

“పూజారిగారా! ఆయన నిన్ను పేరుపెట్టి పిలుస్తాడే!”

“ష్! మెల్లగా.”

“అయితే అది భక్తి కాదా?”

“ఏం భక్తి! ఏడేళ్లప్పుడు నేనే చెప్పా, ఈ దేవి మీ అమ్మేరా అని, మురిసిపోతాడనుకుని. అప్పట్నుంచి కళ్లెత్తితే ఒట్టు. పోనీలే, ఊళ్లో ఇంకేదో పని చూసుకుంటాడనుకుంటే, పూజారి పదవికి చీటీలేస్తే వాడి పేరే వచ్చింది.”

“మిక్కత్తా, ఈ కూజా ముట్టుకో.”

“ఎందుకే?”

“ముట్టుకో.”

“ఇంకా వెచ్చగానే ఉన్నాయే!”

“గుడి వెనక పాకలో ఎవరూ ఉండరు. వెళ్లు. చివరిదాకా పోసుకో. ఒళ్లు తుడుచుకుని ఈ శాలువా కప్పుకుని రా. తొందరేం లేదు.”

“పిచ్చి పిల్లా! నేను లేకుండా గుడి... మైనం సగంలో ఉంది. వాడొచ్చి నేను కనబడకపోతే గోల చేస్తాడు.”

“రానీ. ఏడిస్తే నేనెత్తుకుంటాలే.”